కరెంటు లేని రెండు గంటల లెక్క ఎక్కడ?

ఇవాళ్టి విషయం వినడానికి చిన్నదే. చెరువు గట్టు మీదో, కాలవ లాకు దగ్గరో, ఊరి మంచినీళ్ల ట్యాంకు మీదో ఒక సెన్సార్ డబ్బా పెట్టాం. అది నిమిషానికోసారి కొలుస్తుంది, సిమ్ ద్వారా మన ఫోనుకి పంపిస్తుంది. ఇంతలో కరెంటు పోయింది. ఆ డబ్బాలో ఉన్న డేటా సంగతేంటి?

"ఏముందన్నా, కరెంటొచ్చాక మళ్లీ మొదలవుద్ది కదా" అంటారు. మొదలవుద్ది. గొడవంతా ఆ "వచ్చాక" అన్న మాటలోనే ఉంది.

నేను మాట్లాడుతున్నది యానాం నుంచి. గౌతమి దాటితే ఎదుర్లంక, ఐ.పోలవరం, ఇటు వస్తే తాళ్లరేవు. ఎటు చూసినా రొయ్యల చెరువులే. వెనామీ చెరువులో ఆక్సిజన్ లెక్క మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. పగలు ఎండలో నీళ్లలోని సన్నటి నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ వాడుకుంటుంది, రొయ్య వాడుకుంటుంది, అడుగున కుళ్లుతున్న మేత వాడుకుంటుంది. అందుకని తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు, ఆక్సిజన్ బాగా కిందకి దిగిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల పైన ఉంటే రైతు నిద్రపోతాడు. 2 కిందకి వస్తే రొయ్య ఇబ్బంది పడుతుంది, ఇంకా దిగితే పైకి తేలిపోతుంది. దాన్ని ఆపేది ఏరేటర్లు. అవి తిరగడానికి కరెంటు కావాలి.

ఇప్పుడు వరసగా చూడండి. ఆక్సిజన్ ప్రమాదంగా పడేది ఎప్పుడు? ఏరేటర్లు ఆగినప్పుడు. ఏరేటర్లు ఆగేది ఎప్పుడు? కరెంటు పోయినప్పుడు. అదే లైను మీద బతికే మన డబ్బా ఆగేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే. అంతా బాగున్న రోజుల్లో నిమిషానికొక అంకె రాసిపెట్టి, కొంప మునిగే రెండు గంటలు మాత్రం కళ్లు మూసుకుంటుంది. నేను ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఇదే. కరెంటు కోతలో పోయే డేటా ఏదో కాస్త డేటా కాదు. మనం డబ్బా కొన్నదే ఆ డేటా కోసం.

ఒక చెరువు దగ్గర జరిగింది చెప్తాను. ఊరూ పేరూ వద్దు, డబ్బా ఏ కంపెనీదో కూడా వద్దు. నేను పెట్టింది కాదు, గొడవయ్యాక చూడమని పిలిచారు. రాత్రి కరెంటు పోయింది. పొద్దున్నకి ఒక మూల రొయ్య తేలింది. కాపలా ఆయన "కరెంటు పోయిన ఐదు నిమిషాల్లో జనరేటర్ వేశానండీ" అంటాడు. చెరువు యజమాని "నువ్వు పడుకున్నావు" అంటాడు. సరే, డబ్బా ఉంది కదా, అది చెప్తుంది అనుకున్నారు. ఫోనులో గ్రాఫ్ తీశారు. చివరి చుక్క 1:30కి, 4.6. తర్వాతి చుక్క 3:45కి, 3.9. రెంటి మధ్యా శుభ్రంగా ఒక గీత. ఆ గీత చూస్తే రాత్రంతా ఆక్సిజన్ మెల్లగా 4.6 నుంచి 3.9కి దిగిందనిపిస్తుంది, అంటే ఏమీ జరగలేదని. మరి రొయ్య ఎందుకు తేలింది?

ఆ గీత ఎవరూ కొలిచింది కాదండీ. రెండు చుక్కలిస్తే మధ్యలో గీత గీసేయడం చాలా యాప్‌లకి అలవాటు. కరెంటు తిరిగొచ్చి, ఏరేటర్లు కాసేపు తిరిగి, నీళ్లు కోలుకున్నాక కొలిచిన అంకె 3.9. మధ్యలో ఒకటిన్నరకి పడిందో, అసలు పడనే లేదో ఆ గీతకి తెలియదు. కాపలా ఆయన మాట నిజమో కాదో నాకూ తెలియదు. ఆ నెల జీతంలో మాత్రం కోత పడింది. ఆయన తరఫున చెప్పాల్సిన సాక్షి గట్టు మీద డబ్బాలోనే ఉన్నాడు, నోరు లేదు.

డబ్బా విప్పి చూశాను. నిమిషానికోసారి కొలుస్తోంది, కానీ కొలిచింది ర్యామ్‌లో పెట్టుకుని 15 నిమిషాలకోసారి పంపిస్తోంది. ర్యామ్ అంటే పలక మీద నీళ్లతో రాసినట్టు. కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. 1:30 తర్వాత కొలిచినవి అక్కడే ఆవిరైపోయాయి. బ్యాటరీ లేదు కాబట్టి ఆ తర్వాత కొలవనే లేదు. ఇవి రెండూ వేరు వేరు జబ్బులు, కలిపేయకండి. కొలిచింది పోగొట్టుకోవడం ఒకటి, కొలవకుండా పోవడం ఇంకొకటి. మందులు కూడా వేరే.

మొదటిదాని మందు ఫ్లాష్ మెమరీ. మీ ఫోనులో ఫొటోలు ఉండేది ఆ జాతి మెమరీలోనే, కరెంటు లేకపోయినా అక్షరం చెరగదు. "మరి ప్రతి నిమిషం ఫ్లాష్‌లో రాసేస్తే అయిపోయింది కదా" అని చాలామంది కుర్రాళ్లు అలాగే రాస్తారు. అక్కడొక గుంట ఉంది. ఫ్లాష్‌లో ఒకచోట మళ్లీ రాయాలంటే ముందు ఆ గడి మొత్తం చెరపాలి. ఒక గడిని సుమారు లక్ష సార్లు చెరపొచ్చని చిప్ తయారుచేసినవాళ్లు చెప్తారు. లక్ష అంటే చాలా అనిపిస్తుంది. రోజుకి 1440 నిమిషాలు. ఒకే గడిని నిమిషానికోసారి చెరిపి రాస్తే లక్ష ఎన్నాళ్లు వస్తుంది? 69 రోజులు. ఒక పంట అయ్యేలోపు చిప్ ఖతం.

అందుకని గడిగడికీ ముందుకి జరుగుతూ రాయాలి. ఒక చిన్న లెక్క. 4 మెగాబైట్ల చిప్, ఒక్కో గడి 4096 బైట్లు. ఒక రీడింగుకి 32 బైట్లు పెట్టుకుంటే గడికి 128 రీడింగులు పడతాయి, చిప్ మొత్తానికి 1,31,072. నిమిషానికొకటి చొప్పున 91 రోజులు. నిండాక మొదటికొచ్చి పాత గడిని చెరిపి రాస్తుంది. అంటే ఒక్కో గడి మూడు నెలలకోసారి చెరుగుతుంది. లక్ష సార్లు అవ్వాలంటే ఎన్నేళ్లో మీరే వేసుకోండి, మన మనవలు చూస్తారు. అదే చిప్, అదే ధర, రాసే పద్ధతి ఒక్కటే మారింది.

ఇక కరెంటు పోయే ఆ క్షణం. నాకు ఈ పనిలో బాగా ఇష్టమైన చోటు ఇదే, కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఏమనుకోకండి.

కరెంటు స్విచ్ వేసినట్టు టక్కున పోదు, ముఖ్యంగా మన వైపు. గాలి మొదలైతే లైటు ఊగుతుంది, మినుకుమంటుంది, పోతుంది, వస్తుంది, నాలుగోసారికి పూర్తిగా పోతుంది. చెరువు దగ్గర అయితే నాలుగు ఏరేటర్లు ఒకేసారి స్టార్ట్ అయినా వోల్టేజ్ దిగిపోతుంది. ఈ ఊగిసలాటలో డబ్బా సగం ప్రాణంతో ఉంటుంది. సగం ప్రాణంతో మెమరీలో రాస్తే సగం అక్షరాలే పడతాయి. మెమరీ కార్డు వాడినవాళ్లకి ఇది అనుభవమే. రాస్తుండగా కరెంటు పోతే ఆ ఒక్క రీడింగు కాదు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికే పాడైపోయి కార్డు మొత్తం ఖాళీగా కనబడవచ్చు.

కాబట్టి డబ్బాకి "కరెంటు పోతోంది" అన్న కబురు ముందే అందాలి. లోపల ప్రాసెసర్ 3.3 వోల్టుల మీద నడుస్తుంది. ఆ 3.3ని చూస్తూ కూర్చుంటే లాభం లేదు, అది పడేసరికి మన పని కూడా అయిపోతుంది. బయట అడాప్టర్ నుంచి వచ్చే 12 వోల్టులని చూడాలి. అది 10కి దిగిందంటే దొంగ గోడ దూకాడని అర్థం, ఇంట్లోకి ఇంకా రాలేదు. ఆ మధ్య సమయమే మనది.

ఎంత సమయం? మామూలు 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ 5 వోల్టుల దగ్గర ఉంటే, అది 3.3కి దిగేలోపు 7 మిల్లీజౌళ్లు ఇస్తుంది. డబ్బా 80 మిల్లీఆంపియర్లు తాగుతోందనుకుంటే సుమారు 26 మిల్లీసెకన్లు. ఫ్లాష్‌లో ఒక పేజీ రాయడానికి మిల్లీసెకను అటూ ఇటూ చాలు. ఆహా, సరిపోయింది అనుకుంటాం. కానీ గడి చెరపడానికి? పదుల నుంచి వందల మిల్లీసెకన్లు. సరిగ్గా ఆ క్షణంలో గడి నిండి ఉండి, చెరపాల్సి వస్తే 26 చాలదు. వారంలో ఆరుసార్లు బాగా పనిచేసి ఏడోసారి మోసం చేసే డబ్బాల రహస్యం చాలావరకు ఇదే. మందు సులువు: ఎప్పుడూ ముందు గడి ఒకటి చెరిపి ఖాళీగా సిద్ధంగా ఉంచుకోవాలి. చుట్టాలొచ్చాక మంచం దులపడం కాదు, ముందే దులిపి ఉంచడం.

వెయ్యి రెట్లు పెద్దది, ఒక ఫారడ్ సూపర్ కెపాసిటర్ పెట్టామనుకోండి. అదే లెక్కలో 26 సెకన్లు, మధ్యలో కాస్త నష్టం తీసేసినా పుష్కలం. కానీ ఒక షరతు. కబురు అందగానే మొదట మోడెమ్‌ని ఆపేయాలి. సిమ్ మోడెమ్ పంపేటప్పుడు ఒక్కో దెబ్బకి 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. "పోతూ పోతూ ఒక మెసేజ్ పంపి పోదాం" అని ప్రోగ్రాం రాసే అన్నలున్నారు. ఆ మెసేజ్ వెళ్లదు, డేటా మిగలదు. ముందు రాసుకో, తర్వాత చెప్పుకోవచ్చు. ఇంకో మాట, మే నెల ఎండలో గట్టు మీద మూసిన డబ్బాలో సూపర్ కెపాసిటర్ తొందరగా ముసలిదవుతుంది. డబ్బాని నీడలో పెట్టండి, తెల్ల రంగు వేయండి.

రాసిన ప్రతి రీడింగుకీ ఒక వరస నంబరు, చివర ఒక సరిచూసుకునే అంకె ఉండాలి. లేచాక డబ్బా చివరి రీడింగు చదివి ఆ అంకె కలవకపోతే, అది సగంలో ఆగిందని తెలుసుకుని పక్కన పెడుతుంది. చెత్త అంకెని నిజమని మనకి పంపదు. కరెంటు వచ్చిన వెంటనే రాయడం మొదలుపెట్టొద్దు కూడా, కొన్ని సెకన్లు నిలకడగా ఉందో లేదో చూసుకోవాలి.

ఇక గడియారం. దీన్ని ఎవరూ పట్టించుకోరు. చాలా బోర్డులు కరెంటు పోయి వచ్చాక తేదీ 1970 జనవరి 1 అనుకుంటాయి. ఇంకా మనం పుట్టలేదు, చెరువులో మాత్రం ఆక్సిజన్ 3.2! నెట్‌వర్క్ దొరికాక టైం సరిచేసుకుంటుంది సరే, దొరికేలోపు కొలిచినవన్నీ ఏ గంటవో ఎవరు చెప్తారు? "ఎప్పుడు పడింది" అన్నదే గొడవైనప్పుడు టైం లేని అంకె చిత్తు కాగితం. బటన్ సెల్‌తో నడిచే చిన్న గడియారం చిప్ పెట్టండి. మంచిది తీసుకుంటే ఏడాదికి ఒక నిమిషం తేడా వస్తుంది, అంతే. ఆ సెల్ పెట్టే చోటుకి మాత్రం మన ఉప్పు గాలి శత్రువు. చిలుము పట్టి సెల్ ఉన్నా లేనట్టే అవుతుంది. పంట పంటకీ ఒకసారి విప్పి తుడవండి.

ఇప్పుడు రెండో జబ్బు, కొలవకుండా పోవడం. దీనికి బ్యాటరీ తప్ప దారి లేదు. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 84 వాట్-అవర్లు ఉంటాయి. సగమే వాడుకోవచ్చనుకున్నా, సగటున అర వాటు తాగే డబ్బాకి 84 గంటలు, మూడున్నర రోజులు. పక్కన చిన్న సోలార్ పలక ఉంటే ఇంకా మంచిది. "పవర్ బ్యాంక్ పెడితే పోలేదా?" అని అడుగుతారు. పోతుంది, అదే సమస్య. చాలా పవర్ బ్యాంకులు తక్కువ కరెంటు లాగితే "ఫోను తీసేశారు" అనుకుని వాటంతటవే ఆగిపోతాయి. కొన్ని ఛార్జ్ అవుతూ ఇవ్వలేవు, ఇంకొన్ని మారే క్షణంలో ఒక్కసారి కన్ను మూసి తెరుస్తాయి. ఆ రెప్పపాటులో మన బోర్డు రీసెట్.

మూడున్నర రోజులు ఎందుకు, గంటన్నర కోతకి అంత అవసరమా అంటారేమో. గోదావరిని చూసి మాట్లాడండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి నీరు. ఆ నీరంతా దిగేది మన మీదుగానే. యానాంలో కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. వరదొస్తే కరెంటు తెగిపోవడం ఒక్కటే కాదు, నీళ్లలో షాక్ కొడుతుందని కావాలనే తీసేస్తారు, తీసేయాలి కూడా. అంటే నీటిమట్టం కొలిచే డబ్బా మెయిన్ కరెంటు మీద ఆధారపడితే, నీటిమట్టం పెరిగినప్పుడల్లా ఆగడం ఖాయం. కేంద్ర జల సంఘం, వాతావరణ శాఖ తమ ఆటోమేటిక్ స్టేషన్లని సోలార్ పలకతో ఛార్జయ్యే బ్యాటరీల మీద నడిపి, సెల్ టవర్‌ని నమ్ముకోకుండా ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా డేటా తెప్పించుకోవడం ఊరికే కాదు. సెల్ టవర్ కూడా బ్యాటరీ, డీజిలు ఉన్నంతసేపే కదా.

1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ తుపాను గురించి మన పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్తారు. కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది, వెయ్యిమందికి పైగా పోయారు. స్తంభాలు పడిపోయాయి, ఫోన్లు లేవు. అలాంటి రాత్రి వర్షం లెక్క రాయగలిగింది ఏంటో తెలుసా? గడియారంలా తాళం తిప్పితే నడిచే పాత వర్షమాపకం. లోపల డ్రమ్ముకి కాగితం చుట్టి ఉంటుంది, దాని మీద కలం గీత గీస్తూ పోతుంది. పరికరం పడిపోకుండా నిలబడితే చాలు, కరెంటుతో దానికి పనే లేదు. మనం వంద రెట్లు తెలివైన డబ్బా చేసి, ఆ ఒక్క గుణం మర్చిపోయాం.

మనమే కాదులెండి. జపాన్‌లో 2011 మార్చి 11న సునామీ వచ్చి ఫుకుషిమా అణు కేంద్రంలో కరెంటు మొత్తం పోయినప్పుడు, రియాక్టర్‌లో నీటిమట్టం ఎంతుందో చూపించే మీటర్లు కూడా చీకటైపోయాయి. అక్కడి సిబ్బంది కార్లలోంచి బ్యాటరీలు పీకి తెచ్చి, మీటర్లకి తగిలించి రీడింగు చూసుకున్నారు. కొలత విలువేంటో వాళ్లని అడగాలి.

సరే, డేటా నిలబడింది, కరెంటొచ్చింది. పంపడం ఎలా? మీకు వాట్సాప్ టిక్కులు తెలుసు కదా. నెట్ లేనప్పుడు మెసేజ్ పక్కన చిన్న గడియారం బొమ్మ, సర్వర్‌కి చేరితే ఒక టిక్కు. డబ్బా కూడా అలాగే ఉండాలి. సర్వర్ నుంచి "అందింది" అనే జవాబు వచ్చేదాకా ఏ రీడింగునీ "పంపేశాను" అని కొట్టేయకూడదు. జవాబు దారిలో పోతే మళ్లీ పంపుతుంది. సర్వర్‌కి రెండుసార్లు చేరినా వరస నంబరు ఉంది కాబట్టి ఒకటి తీసేస్తుంది. ముందు ఇప్పటి రీడింగు పంపాలి, ఆక్సిజన్ ఇంకా తక్కువుంటే రైతు ఇప్పుడే పరిగెత్తాలి కదా. పాత బకాయి తర్వాత మెల్లగా. ఊరంతటికీ కరెంటు ఒకేసారి వస్తుంది, డబ్బాలన్నీ ఒకేసారి టవర్ మీద పడితే ఎవరిదీ వెళ్లదు, అందుకని ఒక్కోటి కాస్త వేరువేరు సమయం ఆగి మొదలుపెట్టాలి.

ఇంకొకటి. డబ్బా కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, ఏరేటర్ లైనులో కరెంటు ఎప్పుడు పారింది, ఇవి కూడా రాసిపెట్టుకోవాలి. ఆక్సిజన్ అంకె పక్కన ఈ మూడు ఉంటే "జనరేటర్ ఎప్పుడు వేశావు" అని మనిషిని నిలదీయక్కర్లేదు. యాప్ చేసేవాళ్లకి నా విన్నపం ఒకటే: డేటా లేనిచోట గీత గీయకండి, ఖాళీ వదిలేయండి. ఖాళీ కనబడితే రైతు అడుగుతాడు. గీత కనబడితే నమ్మేస్తాడు.

ఇవన్నీ ఉన్నాయని డబ్బా అమ్మేవాళ్లందరూ చెప్తారు. నమ్మే ముందు మీరే ప్లగ్ పీకండి. ఒకసారి కాదు, యాభై సార్లు, లెక్క లేకుండా. పంపుతున్నప్పుడు పీకండి, రాస్తున్నప్పుడు పీకండి, పీకి వెంటనే పెట్టి మళ్లీ పీకండి. లైటు ఊగినట్టు రెండు సెకన్లలో నాలుగుసార్లు చేయండి. సిమ్ తీసేసి ఒక రాత్రి వదిలేసి పొద్దున్న పెట్టండి. తర్వాత వరస నంబర్లు చూడండి. 412 తర్వాత 413 ఉందా, 420 ఉందా? తేదీల్లో 1970 ఎక్కడైనా కనబడిందా? అమ్మే ఆయన ముందే చేయండి, మొహమాటపడకండి. కొనేటప్పుడు కొబ్బరికాయని కూడా ఊపి చూస్తాం కదా.

వచ్చే ఎపిసోడ్‌లో ఆక్సిజన్ సెన్సార్ మూతికి నాచు పడితే అంకె ఎలా అబద్ధం చెప్తుందో, దాన్ని ఎన్నాళ్లకోసారి ఎలా తుడవాలో, చెరువు గట్టు మీదే చేసి చూపిస్తాను. ఉంటానండీ.